చర్చి స్వచ్ఛంద సేవకులకు బాలల సంరక్షణ శిక్షణ: మౌనం వీడడమే తొలి పాఠం

(ప్రత్యేక వ్యాసం)

వేసవి సెలవులు ప్రారంభం కాగానే ఉభయ తెలుగు రాష్ట్రాలలోని చర్చిలలో వెకేషన్ బైబిల్ స్కూళ్ళు మొదలవుతాయి. వారం, పది రోజుల పాటు సాగే ఈ తరగతులకు సంఘ సభ్యుల పిల్లలే గాక ఇరుగుపొరుగు పిల్లలు కూడా హాజరు కావడం పరిపాటి. ఇవి గాక ఆదివారం బడి, గాయక బృందం, యువజన సమాజం, డిసెంబరు మాసంలో రాత్రివేళ ఇంటింటికీ వెళ్ళే క్రిస్మస్ క్యారల్స్ బృందం, రాత్రంతా సాగే ప్రార్థనలు, ఊరి వెలుపల జరిగే ఉజ్జీవ సభలు ఏడాది పొడవునా ఉండనే ఉంటాయి. ఈ కార్యక్రమాలన్నింటిలోనూ పిల్లల వెన్నంటి ఉండేవారిలో అధిక సంఖ్యాకులు జీతం తీసుకొనే ఉద్యోగులు కారు. వారు కళాశాల విద్యార్థులు, గృహిణులు, ఉపాధ్యాయులు, పదవీ విరమణ చేసిన పెద్దలు. సేవాభావంతో ముందుకు వచ్చిన ఈ స్వచ్ఛంద సేవకుల చేతికి తల్లిదండ్రులు తమ పిల్లలను నిశ్చింతగా అప్పగిస్తున్నారు.

ఆ నిశ్చింతకు తగిన భరోసా కల్పించవలసిన బాధ్యత సంఘాలపై ఉన్నది. కథ చెప్పడం, పాట నేర్పడం, ఆటలు ఆడించడం వంటి అంశాలలో టీచర్లకు శిక్షణ ఇస్తున్న సంఘాలు అనేకం. అయితే ఒక బిడ్డ భయపడుతూ తన దగ్గరకు వచ్చి, తనకు జరిగిన అన్యాయాన్ని చెప్పుకున్న నాడు ఏమి చేయాలన్న విషయంలో శిక్షణ లేని టీచరు ఏం చేయగలరు? చర్చిలలో బాలల సంరక్షణ శిక్షణ ఎంతమేరకు ప్రయోజనకరంగా ఉన్నదో ఈ ఒక్క ప్రశ్నకు లభించే సమాధానమే తేల్చి చెబుతుంది.

చట్టం విధించిన బాధ్యత

లైంగిక నేరాల నుండి బాలల పరిరక్షణ చట్టం, 2012 (పోక్సో చట్టం) 2012 నవంబరు 14 నుండి అమలులోకి వచ్చింది. పద్దెనిమిది సంవత్సరాలు నిండని ప్రతి ఒక్కరూ, బాలుడైనా బాలికయైనా, ఈ చట్టం దృష్టిలో బాలలే. ఈ చట్టంలోని 19వ సెక్షను ప్రకారం బాలలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసినా, జరిగే అవకాశం ఉన్నదన్న అనుమానం కలిగినా, ఆ సమాచారాన్ని ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ స్థానిక పోలీసులకు గానీ తెలియజేయడం తప్పనిసరి. ఈ బాధ్యత నుండి ఏ వృత్తికీ, ఏ పదవికీ చట్టం మినహాయింపు పేర్కొనలేదు. సంఘ కాపరి, విచారణ గురువు, ఉపదేశి, సండే స్కూల్ టీచరు, గాయక బృంద నాయకుడు అందరూ ఈ పరిధిలోకి వచ్చేవారే.

సమాచారం తెలిసి కూడా తెలియజేయని వారికి 21వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు జైలుశిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. తమ ఆధీనంలో పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యులు తెలియజేయని పక్షంలో ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. ధార్మిక సంస్థ నిర్వాహకులు గానీ సిబ్బంది గానీ ఆ సంస్థలోని బిడ్డపై లైంగిక దాడికి పాల్పడితే దానిని 5వ, 9వ సెక్షన్లు తీవ్రమైన నేరంగా పరిగణించి, అధిక శిక్షను నిర్దేశించాయి.

2020 మార్చిలో అమలులోకి వచ్చిన పోక్సో నియమావళి మరో ముందడుగు వేసింది. పిల్లలతో తరచుగా సంబంధం ఉండే సంస్థలు తమ సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు విచారింపజేయాలని, బాలల భద్రతపై వారికి నిర్ణీత కాలవ్యవధిలో శిక్షణ ఇవ్వాలని 3వ నియమం ఆదేశిస్తున్నది. పిల్లలతో పనిచేసే అన్ని సంస్థలు అనుసరించవలసిన బాలల సంరక్షణ విధానాన్ని ప్రభుత్వాలు రూపొందించాలని కూడా అదే నియమం పేర్కొన్నది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటున్నది. పూర్వాపరాల విచారణకు సంబంధించిన నిబంధన సంస్థలోని ఉద్యోగులను ఉద్దేశించి వ్రాయబడింది. చర్చిలో జీతం తీసుకొనే వారు ఒకరిద్దరు మాత్రమే ఉంటారు. పిల్లలతో గంటల తరబడి గడిపేవారు జీతం లేని సేవకులు. తనతో ఉన్న పెద్దమనిషి జీతగాడా, స్వచ్ఛంద సేవకుడా అన్న తేడా బిడ్డకు తెలియదు. కనుక ఉద్యోగికి వర్తించే జాగ్రత్తలన్నీ సేవకునికీ వర్తింపజేయడమే నియమావళి ఆశయానికి అనుగుణమైన మార్గం.

నమ్మకమే అడ్డుగోడ అయినప్పుడు

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ సందర్భంగా ప్రస్తావించదగినది. ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది బాలలను ప్రశ్నించగా, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నట్లు తెలిపారు. వేధింపులకు పాల్పడినవారిలో సుమారు సగం మంది బాలలకు తెలిసినవారు లేదా బాలల నమ్మకాన్ని, బాధ్యతను చేపట్టిన స్థానాలలో ఉన్నవారు. పిల్లలలో అత్యధికులు తమకు జరిగినది ఎవరికీ చెప్పలేదు.

అపరిచితుని పట్ల జాగ్రత్త నేర్పడం సులభం. ఇంటికి వచ్చి ప్రార్థన చేసే వ్యక్తి పట్ల, సంఘమంతా గౌరవించే వ్యక్తి పట్ల జాగ్రత్త వహించడం కష్టం. "అన్నయ్య అలాంటివాడు కాదు", "దైవజనుని మీద నింద మోపకూడదు", "క్షమించడమే మన ధర్మం", "ఆడపిల్ల పరువు పోతుంది" అన్న మాటలు సంఘంలో ఎదురైనప్పుడు శిక్షణ లేని సేవకుడు మౌనం వహించడం సహజం. క్షమాపణ అనేది బాధితుని హృదయానికి సంబంధించినది. నేర విచారణ రాజ్యానికి సంబంధించినది. ఈ రెండింటినీ వేరు చేసి చూపలేని శిక్షణ వ్యర్థం.

ఈ సమస్య ఏ ఒక్క మతానికో, దేశానికో పరిమితమైనది కాదు. ఇంగ్లాండులో జాన్ స్మిత్ అనే న్యాయవాది 1970, 1980 దశకాలలో క్రైస్తవ యువజన శిబిరాల నాయకునిగా వ్యవహరిస్తూ బాలురను, యువకులను క్రూరంగా హింసించాడు. ఆయన గురువుగా అభిషేకం పొందిన వ్యక్తి కాదు. ఆయన చేష్టలు 1982లోనే ఒక అంతర్గత నివేదికలో నమోదైనప్పటికీ, తెలిసిన పెద్దలు పోలీసులను ఆశ్రయించలేదు. అనంతరం ఆయన జింబాబ్వే వెళ్ళి అక్కడ కూడా బాలుర శిబిరాలు నిర్వహించాడు. బాధితుల సంఖ్య నూరు దాటి ఉంటుందని 2024 నవంబరులో వెలువడిన మేకిన్ సమీక్ష అంచనా వేసింది. ఆ సమీక్ష వెలువడిన కొద్ది రోజులకే కాంటర్బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ తమ రాజీనామాను ప్రకటించారు. విషయం బయటికి పొక్కకుండా చూస్తే సంఘం మంచిపేరు నిలుస్తుందని భావించిన నాటి పెద్దల నిర్ణయం, మరో దేశంలో మరికొందరు పిల్లలను అదే వ్యక్తి చేతికి చిక్కేటట్లు చేసింది.

మన దేశ సర్వోన్నత న్యాయస్థానం కూడా ఈ విషయంలో స్పష్టమైన వైఖరిని తెలియజేసింది. మహారాష్ట్రలో వసతిగృహ బాలికలపై జరిగిన నేరాన్ని తెలియజేయలేదన్న ఆరోపణను ఎదుర్కొన్న వైద్యునిపై కేసును హైకోర్టు కొట్టివేయగా, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి, నేర సమాచారాన్ని సత్వరం తెలియజేయడం అత్యంత ముఖ్యమని పేర్కొన్నది. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయునిపై దాఖలైన పోక్సో కేసును, బాలిక కుటుంబంతో రాజీ కుదిరిందన్న కారణంతో హైకోర్టు కొట్టివేయగా, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ కేసును పునరుద్ధరించింది. సంఘ పెద్దల సమక్షంలో కుదిరే రాజీకి ఇటువంటి నేరాలలో చోటు లేదన్న సంగతి ప్రతి సేవకునికీ తెలియవలసి ఉన్నది.

శిక్షణకు ముందు ఎంపిక

శిక్షణ ఎంత మేలైనదైనా ఎంపికలో లోపాన్ని పూడ్చలేదు. "ఎవరు వస్తారు?" అని ఆదివారం ఆరాధన ముగింపులో అడిగి, చేయి ఎత్తినవారందరికీ పిల్లలను అప్పగించే పద్ధతికి స్వస్తి చెప్పాలి. సేవకునిగా చేరదలచిన వ్యక్తి నుండి వివరాలతో కూడిన దరఖాస్తు, గుర్తింపు పత్రం ప్రతి, ఇద్దరు పెద్దల సిఫారసు తీసుకోవాలి. ఆ పెద్దలలో ఒకరు సంఘానికి వెలుపలి వారై ఉంటే మంచిది. మరో ఊరి సంఘం నుండి వచ్చిన వ్యక్తి అయితే అక్కడి కాపరితో మాట్లాడి, ఆయన ఎందుకు వచ్చారో తెలుసుకోవాలి. స్థానిక పోలీసుల ద్వారా పూర్వాపరాల విచారణ జరిపించాలి. కొంతకాలం సంఘంలో ఉండి, అందరికీ పరిచయమైన తరువాతనే పిల్లల బాధ్యత అప్పగించాలి.

అయితే పోలీసు విచారణలో ఏమీ తేలలేదన్నంత మాత్రాన పూర్తి భరోసా లభించినట్లు కాదు. ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదన్న సంగతిని మాత్రమే అది తెలుపుతుంది. అందువల్లనే ఎంపిక తరువాత శిక్షణ, శిక్షణ తరువాత పర్యవేక్షణ అవసరమవుతున్నవి.

ఉపన్యాసం కాదు, అభ్యాసం

రెండు వందల మందిని ఒక హాలులో కూర్చోబెట్టి, చట్టంలోని సెక్షన్లను చదివి వినిపించి, చివర అల్పాహారం పంచితే శిక్షణ పూర్తయినట్లు నమోదు చేసుకోవచ్చు గానీ, దానివల్ల ఒక్క బిడ్డకైనా రక్షణ చేకూరుతుందని చెప్పలేము. పదిహేను, ఇరవై మందికి మించని చిన్న బృందాలలో, తేట తెలుగులో, తమ ఊరి పరిస్థితులనే ఉదాహరణలుగా తీసుకొని జరిపే శిక్షణ మనస్సులో నిలుస్తుంది. మూడు గంటల కార్యక్రమాన్ని రెండు విడతలుగా జరిపితే, మధ్య వారంలో సేవకులు తమ తరగతి గదిని, ఆవరణను కొత్త దృష్టితో పరిశీలించుకొని రాగలరు.

బృందం ముందు సన్నివేశాలను ఉంచి, "మీరైతే ఏమి చేస్తారు?" అని అడగడం మేలైన పద్ధతి. ఉదాహరణకు:

1. క్యారల్స్ ముగిసేసరికి రాత్రి పదకొండు గంటలయింది. పదేళ్ళ బాలికను తీసుకువెళ్ళడానికి ఇంటి నుండి ఎవరూ రాలేదు. గాయక బృందంలోని యువకుడు తన ద్విచక్ర వాహనంపై దింపి వస్తానంటున్నాడు.

2. ఎనిమిదో తరగతి బాలునికి సండే స్కూల్ టీచరు ప్రతి రాత్రి వాట్సాప్‌లో సందేశాలు పంపుతున్నాడు. "ఇవి మన ఇద్దరి మధ్యనే ఉండాలి" అన్న మాట వాటిలో ఉన్నది.

3. ప్రతి వారం ఉత్సాహంగా వచ్చే చిన్నారి హఠాత్తుగా ఒక టీచరు తరగతికి వెళ్ళనని మొరాయిస్తున్నది. కారణం అడిగితే తల వంచుకుంటున్నది.

4. వాక్యం కంఠస్థం చేయలేదని ఒక టీచరు పిల్లవానిని బెత్తంతో కొట్టాడు. "బుద్ధి రావడానికే గదా" అని తల్లి కూడా సమర్థిస్తున్నది.

5. ఆరోపణ వచ్చిన వ్యక్తి సంఘానికి పెద్ద మొత్తంలో చందా ఇచ్చే కుటుంబానికి చెందినవాడు. కమిటీ సభ్యుడొకరు, "ఆదివారం నాడు కూర్చుని మాట్లాడదాం" అంటున్నారు.

ఇటువంటి సన్నివేశాలపై చర్చ జరిగినప్పుడు పాల్గొన్నవారిలో భిన్నాభిప్రాయాలు బయటపడతాయి. అది లోపం కాదు. నిజమైన సంఘటన ఎదురు కాకముందే సందేహాలన్నీ బయటికి రావడమే శిక్షణ ఉద్దేశం. ముఖ్యంగా ఐదవ సన్నివేశంలో "ఆదివారం దాకా ఆగవచ్చునా?" అన్న ప్రశ్నకు "ఆగరాదు" అన్న సమాధానం ప్రతి ఒక్కరి నోటి నుండి రావాలి.

శిక్షకుల బృందంలో సంఘానికి వెలుపలి వ్యక్తి ఒకరైనా ఉండడం అవసరం. జిల్లా బాలల పరిరక్షణ విభాగం అధికారులు, బాలల సంక్షేమ సమితి సభ్యులు, మహిళా పోలీసు అధికారులు, శిశువైద్యులు, న్యాయవాదులు ఇందుకు తగినవారు. తమ కాపరి సమక్షంలో అడగలేని ప్రశ్నలను సేవకులు వారిని అడగగలరు. అదే సమయంలో కాపరి, కమిటీ పెద్దలు కూడా సేవకుల మధ్య కూర్చొని అదే శిక్షణ పొందాలి. పెద్దలు ప్రారంభోపన్యాసం చేసి వెళ్ళిపోతే, ఈ నియమాలు చిన్నవారికే గానీ పెద్దలకు కావన్న అభిప్రాయం కలుగుతుంది.

మొదటి పది నిమిషాలు

శిక్షణలో అత్యధిక సమయం కేటాయించవలసిన అంశం, బిడ్డ నోరు విప్పిన తొలి నిమిషాలలో వ్యవహరించవలసిన తీరు. పిల్లలు జరిగినదంతా ఒక్కసారిగా, వరుస క్రమంలో చెప్పరు. సగం మాట చెప్పి, వినేవారి ముఖం చూసి, మిగిలిన సగం చెప్పాలో వద్దో నిర్ణయించుకుంటారు. అందుచేత సేవకులు ఇద్దరిద్దరుగా జతకట్టి, ఒకరు బిడ్డగా, మరొకరు టీచరుగా ఈ సంభాషణను స్వయంగా అభ్యాసం చేయాలి.

చేయవలసినవి:

1. ఉలికిపాటు కనబరచకుండా, ప్రశాంతంగా, తొందరపెట్టకుండా వినాలి.

2. "నాకు చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పేమీ లేదు" అని ధైర్యం చెప్పాలి.

3. తరువాత ఏమి జరుగబోతున్నదో బిడ్డకు అర్థమయ్యే మాటలలో చెప్పాలి.

4. బిడ్డ చెప్పిన మాటలను, బిడ్డ వాడిన పదాలతోనే, తేదీ, సమయం వేసి వెంటనే వ్రాసి ఉంచాలి.

5. అత్యవసర వైద్యం అవసరమైతే ముందుగా ఆసుపత్రికి చేర్చాలి. పోలీసు లేఖ వంటి పత్రాలు తెస్తేనే వైద్యం చేస్తామని ఏ ఆసుపత్రీ షరతు విధించరాదని 2020 నియమావళి స్పష్టం చేస్తున్నది.

చేయరానివి:

1. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వరాదు. నిలబెట్టుకోలేని ఆ మాట బిడ్డకు రెండవ ద్రోహం అవుతుంది.

2. గుచ్చి గుచ్చి ప్రశ్నించరాదు. "ఫలానా అన్న గదా?" అని పేర్లు అందించరాదు. విచారణ పోలీసుల పని.

3. నిందితుని పిలిపించి ఎదురెదురుగా కూర్చోబెట్టరాదు. ముందుగా అతనికి సమాచారం అందించరాదు.

4. బిడ్డ చేత సంఘం ముందు సాక్ష్యం చెప్పించడం, అందరి ఎదుట ప్రార్థన చేయించడం తగదు.

5. దుస్తులు ఉతకడం, ఫోనులోని సందేశాలు తొలగించడం వంటి పనులు జరుగకుండా చూడాలి.

బిడ్డ నోటితో చెప్పకపోయినా కొన్ని మార్పులు కనిపించవచ్చు. ఒక వ్యక్తిని చూడగానే బెదరడం, అకారణంగా ఏడవడం, కారణం చెప్పలేని డబ్బు, బహుమతులు దగ్గర ఉండడం, చదువులో వెనుకబడడం వంటివి ఆ కోవలోనివి. ఈ మార్పులకు ఇతర కారణాలూ ఉండవచ్చును గనుక వాటిని రుజువులుగా భావించరాదు. అలాగని అలక్ష్యం చేయనూ రాదు.

సమాచారం ఎవరికి?

"మా కాపరికి చెప్పాను, నా బాధ్యత తీరింది" అన్న భావన సేవకులలో సర్వసాధారణం. కాపరికి చెప్పినంత మాత్రాన చట్టప్రకారం బాధ్యత నెరవేరినట్లు కాదు. సమాచారం పోలీసులకు చేరాలి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉచిత టెలిఫోను సేవ రాత్రింబవళ్ళు అందుబాటులో ఉన్నది. తక్షణ ప్రమాదం ఉన్నప్పుడు 112 నంబరుకు ఫోను చేయవచ్చు. సమాచారం అందుకున్న పోలీసులు 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక న్యాయస్థానానికి తెలియజేయవలసి ఉంటుంది.

పోలీసు స్టేషను అనగానే కలిగే జంకును తొలగించడం కూడా శిక్షణలో భాగమే. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి వద్ద గానీ, బిడ్డ కోరిన చోట గానీ, సాధ్యమైనంతవరకు సబ్-ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని మహిళా అధికారి నమోదు చేయాలని చట్టం నిర్దేశిస్తున్నది. అధికారి యూనిఫారంలో ఉండరాదు. ఏ కారణం చేతనైనా బిడ్డను రాత్రివేళ స్టేషనులో ఉంచరాదు. తల్లిదండ్రులు లేదా బిడ్డ నమ్మిన వ్యక్తి సమక్షంలోనే వాంగ్మూలం నమోదు కావాలి. హైదరాబాదులో 2016లో ప్రారంభమైన భరోసా కేంద్రం వంటివి వైద్య, న్యాయ, మానసిక సహాయాన్ని ఒకేచోట అందించే ఉద్దేశంతో ఏర్పడినవే.

"విషయం నిజం కాదని తేలితే మా గతేమిటి?" అన్న ప్రశ్న ప్రతి శిక్షణలోనూ వినవస్తుంది. సద్భావంతో సమాచారం ఇచ్చిన వ్యక్తిపై సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ చర్యకూ అవకాశం లేదని 19వ సెక్షనే అభయమిస్తున్నది. అవమానించడానికో, బెదిరించి డబ్బు గుంజడానికో కావాలని అబద్ధపు ఫిర్యాదు చేసినవారికే శిక్ష. బిడ్డ ఇచ్చిన సమాచారం తప్పని తేలినా బిడ్డకు శిక్ష ఉండదు. నేరాన్ని నిరూపించే భారం సేవకునిపై లేదు. తెలిసినది తెలియజేయడమే అతని కర్తవ్యం.

ఆరోపణ ఎదుర్కొన్న వ్యక్తిని విచారణ ముగిసేవరకు పిల్లల కార్యక్రమాలన్నింటి నుండి దూరంగా ఉంచాలి. ఇది శిక్ష కాదు, ముందుజాగ్రత్త అని సంఘానికి వివరించాలి. మరో ఊరి సంఘానికి బదిలీ చేయడం పరిష్కారం కాదు.

గోడపై వ్రాసుకోవలసిన నియమాలు

శిక్షణ ముగిసేనాటికి ప్రతి సంఘం ఒక పుటకు మించని ప్రవర్తనా నియమావళిని ఆమోదించి, చర్చి ప్రవేశద్వారం వద్ద ప్రదర్శించడం ఆవశ్యకం. అందులో ఈ అంశాలు ఉండాలి: పిల్లల తరగతిలో ఎల్లప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, మూసిన తలుపుల వెనుక ఒక్క బిడ్డతో ఒక్క పెద్ద ఉండరాదు, తలుపులు, కిటికీలు తెరచి ఉంచాలి, మరుగుదొడ్డికి వెళ్ళే చిన్నపిల్లల వెంట వెళ్ళే బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించాలి, కొట్టడం, తిట్టడం, అవమానించడం నిషేధం, పిల్లలకు విడిగా ఫోను సందేశాలు పంపరాదు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు సామాజిక మాధ్యమాలలో ఉంచరాదు, పిల్లలను ఎవరు తీసుకువచ్చారో, ఎవరు తీసుకువెళ్ళారో రిజిస్టరులో నమోదు చేయాలి, రాత్రి బస ఉన్న చోట బాలబాలికలకు వేర్వేరు వసతి, తగినంత మంది మహిళా పర్యవేక్షకులు ఉండాలి. వీటి క్రింద 1098, 112 నంబర్లు, స్థానిక పోలీసు స్టేషను నంబరు పెద్ద అక్షరాలలో వ్రాయాలి.

మెదక్ కెథెడ్రల్‌లో క్రిస్మస్ వేడుకలు, ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మేరీమాత ఉత్సవాలు వంటి సందర్భాలలో సేవలందించే వాలంటీర్లకు మరో అంశం కూడా తెలియాలి. తప్పిపోయిన బిడ్డ దొరికితే 24 గంటలలోగా పోలీసులకు గానీ, చైల్డ్‌లైన్‌కు గానీ, బాలల సంక్షేమ సమితికి గానీ, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి గానీ తెలియజేయాలని బాల న్యాయ చట్టం, 2015 ఆదేశిస్తున్నది. తామే తల్లిదండ్రులమని వచ్చిన వారికి విచారించకుండా బిడ్డను అప్పగించరాదు.

ఒక్కసారితో తీరేది కాదు

ఇంగ్లాండు చర్చిలో సంరక్షణ శిక్షణను ప్రాథమిక అవగాహన, పునాది, నాయకత్వం అన్న స్థాయిలుగా విభజించి, మూడేళ్ళకొకసారి తిరిగి పొందాలని నిర్ణయించారు. అమెరికాలోని కథోలిక పీఠాధిపతులు 2002లో ఆమోదించిన ప్రకటన, పిల్లలతో పనిచేసే వాలంటీర్ల పూర్వాపరాల విచారణను, శిక్షణను తప్పనిసరి చేసింది. చర్చి అధికారులకు ఫిర్యాదు అందించే విధానాన్ని 2019లో పోప్ ఫ్రాన్సిస్ జారీ చేసిన ఉత్తర్వు నిర్దేశించింది. దేశ చట్టాల ప్రకారం ప్రభుత్వాధికారులకు తెలియజేయవలసిన బాధ్యతకు ఈ విధానం ప్రత్యామ్నాయం కాదని కూడా ఆ ఉత్తర్వు స్పష్టం చేసింది. 2023లో దానిని సవరించి స్థిరపరచారు.

మన పరిస్థితులలో ఏటా వెకేషన్ బైబిల్ స్కూలుకు ముందు ఒక పూట పునశ్చరణ జరపడం అనుకూలం. శిక్షణ ఫలితాన్ని హాజరు పట్టికతో కొలవరాదు. ఆరు నెలల తరువాత ఏ సేవకుని అడిగినా సమాచారం ఎవరికివ్వాలో తడుముకోకుండా చెప్పగలుగుతున్నారా? తరగతిలో ఇద్దరు పెద్దలు ఉంటున్నారా? తమకు ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పాలో పిల్లలకు తెలుసా? తల్లిదండ్రులకు నియమాల ప్రతి అందిందా? ఈ నాలుగు ప్రశ్నలకు లభించే సమాధానాలే కొలమానాలు. కొత్తగా ఫిర్యాదు వస్తే శిక్షణ విఫలమైందని భావించరాదు. ఇంతకాలం మూగబోయిన గొంతు విప్పడానికి ధైర్యం వచ్చిందని గ్రహించాలి.

పెద్ద సంఘాలకు, మేత్రాసనాలకు, అధ్యక్ష మండలాలకు వనరులు ఉంటాయి. గ్రామాలలో ఒక్క కాపరి, నలభై కుటుంబాలతో స్వతంత్రంగా నడిచే సంఘాల పరిస్థితి వేరు. అక్కడ కాపరికి పైఅధికారి లేడు; ఫిర్యాదు కాపరిపైనే వస్తే వినే నాథుడు లేడు. ఇటువంటి సంఘాలు మండల స్థాయి పాస్టర్ల సహవాసాల ద్వారా ఉమ్మడిగా శిక్షణ ఏర్పాటు చేసుకోవచ్చు. సంఘంలోని ఇద్దరు మహిళలను బాలల సంరక్షణ బాధ్యులుగా నియమించి, వారికి నేరుగా పోలీసులను, 1098ని సంప్రదించే పూర్తి స్వేచ్ఛ ఇవ్వడం తక్కువ ఖర్చుతో కూడిన, ఎక్కువ ప్రయోజనకరమైన చర్య. వారు కాపరి కుటుంబ సభ్యులు కాకుండా చూడాలి.

అధికారుల, పాత్రికేయుల పాత్ర

పోక్సో చట్టంపై ప్రసార మాధ్యమాల ద్వారా ప్రజలకు, బాలలకు, తల్లిదండ్రులకు విస్తృత అవగాహన కల్పించవలసిన బాధ్యతను 43వ సెక్షను ప్రభుత్వాలపై ఉంచింది. జిల్లా స్థాయిలో అధికారులు సెలవుల ప్రారంభానికి ముందే అన్ని మతాల సంస్థల ప్రతినిధులతో సమావేశమై, శిక్షకుల సేవలు అందుబాటులో ఉన్న సంగతి తెలియజేస్తే సత్ఫలితాలు లభిస్తాయి. ఏ ఒక్క మతాన్నో వేలెత్తి చూపే ధోరణి లేకుండా, పిల్లలు గుమిగూడే ప్రతి చోటికీ వర్తించే సాధారణ జాగ్రత్తగా దీనిని ప్రచారం చేయాలి. చర్చికి అనుబంధంగా వసతిగృహం లేదా అనాథాశ్రమం నడుస్తున్నట్లయితే, బాల న్యాయ చట్టం 41వ సెక్షను క్రింద దాని నమోదు విషయాన్ని కూడా పరిశీలించవలసి ఉంటుంది.

పాత్రికేయులకు 23వ సెక్షను శిరోధార్యం. బిడ్డ పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, పాఠశాల, నివాస ప్రాంతం మొదలుకొని గుర్తింపును వెల్లడించే ఏ వివరమూ ప్రచురించరాదు. ఉల్లంఘించినవారికి ఆరు నెలలకు తగ్గకుండా ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. ప్రచురణకర్త, యజమాని కూడా బాధ్యులే. చిన్న గ్రామంలో చర్చి పేరు, టీచరు పేరు వ్రాస్తే బిడ్డ ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుందన్న సంగతిని విలేఖరులు గుర్తుంచుకోవాలి. నిందితుని మతంపై గాక, సమాచారం సకాలంలో పోలీసులకు అందినదా, సంస్థ బాధ్యులు తమ విధి నిర్వర్తించారా అన్న అంశాలపై దృష్టి సారించిన వార్త సమాజానికి మేలు చేస్తుంది.

చర్చిలో పిల్లలకు సేవ చేయడానికి ముందుకు వచ్చే వారిలో అత్యధికులు సహృదయులు. శిక్షణ వారిని అనుమానించడానికి ఉద్దేశించినది కాదు. స్పష్టమైన నియమాలు ఉన్న చోట నిజాయితీపరుడైన సేవకునికీ అపనిందల నుండి రక్షణ లభిస్తుంది. దురుద్దేశంతో వచ్చిన వ్యక్తికి అవకాశం దొరకదు. అన్నింటికీ మించి, ధైర్యం కూడగట్టుకొని సగం మాట చెప్పిన బిడ్డకు, మిగిలిన సగం వినగలిగే పెద్ద ఒకరు ఎదుట ఉంటారు. విన్న మాటను ఆదివారం సమావేశం దాకా దాచకుండా అదే రోజు పోలీసులకు చేర్చగలిగే సేవకులను తయారు చేసిన నాడే ఈ శిక్షణ సార్థకమవుతుంది.